కన్నులు తెరచి నిద్రించు మెదడు

పందొమ్మిదవ శతాబ్దము చివరి దశాబ్దములలో లండను నగరమున, మూర్ఛవ్యాధితో బాధపడుచు, ఆ బాధను తానే వైద్యుని కంటితో పరికించి వ్రాసిపెట్టుకొనుచుండిన వైద్యుడొకడు ఉండెను. నాడీవైద్యమునకు పునాదులు వేసిన మహనీయులలో నొకడైన జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ (1835–1911) తన వ్యాసములలో ఇతని పేరు మరుగుపరచి 'జెడ్' అను ఒంటి అక్షరముతో పేర్కొనెను. ఒకనాడు ఒక తల్లి, ఊపిరితిత్తుల నలతగానున్న తన కుమారుని ఈ జెడ్ గారియొద్దకు తోడ్కొని వచ్చినది. పిల్లవాడు బట్టలు విప్పుకొనుచుండగా వైద్యునకు తన మూర్ఛ రాబోవుచున్న జాడ తెలిసెను. మాటలాడవలసి వచ్చునేమోయని కొంచెము ప్రక్కకు తిరిగి స్టెతస్కోపు తీసికొనుటవరకు మాత్రమే జ్ఞాపకము. మరల తెలివి వచ్చునప్పటికి తాను అదే గదిలో వ్రాతబల్ల యెదుట కూర్చుండి వేరొకరితో మాటలాడుచుండెను. రోగి అచ్చట లేడు. ఏమి జరిగినదో తెలిసికొనవలెనను కుతూహలముతో ఒక గంట తరువాత పోయి చూడగా పిల్లవాడు పడకమీద నుండెను. ఎడమ ఊపిరితిత్తి అడుగుభాగమున న్యుమోనియా యని తాను వ్రాసిన రోగనిర్ణయము ప్రక్కనే యుండెను. మరల శ్రద్ధగా పరీక్షించి చూడగా, తెలివితో చేసిన నిర్ణయమును తెలివిలేనప్పుడు చేసిన నిర్ణయమును ఒక్కటియే యయ్యెను.

ఈ వృత్తాంతమును జాక్సన్ 1888లో ప్రకటించెను. 1894లో జెడ్ మరణించిన పిమ్మట ఆతని మెదడును కోసి చూడగా, ఎడమ కణతకు లోతట్టున, కొనవంగియున్న ఒక మడతలో చిన్న గుల్లయొకటి కనబడెను. 1898లో జాక్సనును, కోల్‌మన్ అను వైద్యుడును కలసి దానిని వర్ణించిరి. ఇంతటి మెదడులో అంతటి చిన్న చెరుపు మనిషి యెరుకను ఎట్లు మాపివేసెను? ఎరుకను మాపినదియే చేతుల నేర్పును, ఏండ్లతరబడి అభ్యసించిన విద్యను ఏల ముట్టుకొనకపోయెను? ఈ రెండు ప్రశ్నలకు జాక్సను కాలమున సమాధానము దొరకుట సాధ్యము కాదు. ఏలయన, సమాధానము ఆ గుల్లలో లేదు. ఆ గుల్ల యున్న చోటునుండి బయలుదేరి మెదడు నలుమూలలకును పోవు నాడీమార్గములలో నున్నది.

ప్రపంచములో మూర్ఛవ్యాధిగ్రస్తులు సుమారు 5 కోట్లమంది యుందురని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. మూర్ఛ యనగానే మనకు స్ఫురించునది నేలబడుట, నురుగు, కాళ్లుచేతులు కొట్టుకొనుట, చుట్టుముట్టినవారు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట. (ఇనుము పట్టుకొన్నందువలన ఏ మూర్ఛయు ఆగదు, మూర్ఛలలో హెచ్చుభాగము ఒకటి రెండు నిమిషములలో తమంతట తామే ఆగును గనుక ఇనుమునకు ఆ కీర్తి దక్కుచున్నది.) కాని పెద్దవారిలో, మెదడులో ఒకచోట మొదలగు మూర్ఛలన్నింటిలో తరచుగా కానవచ్చునది ఈ ఆర్భాటమేమియు లేనిది. చెవికి పైన, కణతకు లోపల నుండు టెంపొరల్ లోబ్ అను భాగమున ఇది పుట్టును. ఇంటివారు దీనిని మూర్ఛయని చాలకాలము గుర్తింపరు; పరధ్యానమనియో, గాలి సోకినదనియో, పిల్లలైనచో చదువెగ్గొట్టు నటనయనియో అనుకొందురు.

రోగి చెప్పునది వినవలయును. పొట్టలోనుండి ఏదియో పైకెగదన్ని గొంతువరకు వచ్చినట్లుండును; కారణములేని భయము పట్టుకొనును; లేని కమురువాసన ముక్కునకు తగులును; ఎన్నడును చూడని చోటు బాగుగా నెరిగిన చోటువలె తోచును. ఈ తొలిజాడలలోనే వ్యాధి తిరుగు దారులు కొంత బయటపడుచున్నవి. భయము, అమిగ్డలా యను బాదంగింజంత కేంద్రము కదలుటవలన; పొట్టలోని పొంగు, దానికి చేరువనున్న ఇన్సులా కదలుటవలన; చూచినట్లే యుండుట, జ్ఞాపకములకు ఆధారమగు హిప్పోక్యాంపసునకు సమాచారము చేరవేయు ఎంటోరైనల్ వల్కలము (వల్కలమనగా మెదడు పైపొర) కదలుటవలన. ఈ చివరిదానిని మార్సేలు నగరపు వైద్యులు, శస్త్రచికిత్సకు ముందు మెదడులో నమర్చిన సన్నని తంతులద్వారా విద్యుత్తు ప్రసరింపజేసి, ప్రత్యక్షముగా రాబట్టి చూచిరి.

పిమ్మట రోగి నిలిచిన చోటనే నిలిచిపోవును. కన్నులు తెరచియే యుండును, చూపు నిలిచియుండును, పిలిచిన పలుకడు. పెదవులు చప్పరించును, గుటకలు వేయును. ఒక చేయి చొక్కా గుండీని తడవుచునో, పైటకొంగును నలుపుచునో యుండును. రెండవ చేతిని జాగ్రత్తగా చూచినచో అది మెలితిరిగి బిగిసియుండును. అనుభవజ్ఞుడైన వైద్యుడు ఇంటివారిని మొట్టమొదట అడుగునది ఈ చేతులనుగూర్చియే. ఏలయన బిగిసిన చేయి కుడిదైన మూర్ఛ ఎడమ మెదడులో పుట్టినదనియు, ఎడమదైన కుడి మెదడులో పుట్టినదనియు చాలవరకు చెప్పవచ్చును. మూర్ఛ తగ్గుముఖము పట్టగానే రోగి ముక్కు తుడుచుకొనును. అది హెచ్చుమందిలో మూర్ఛ పుట్టిన వైపు చేతితోనే. కణతభాగములో చేతులను కదలించు కేంద్రమేదియు లేదు. అయినను చేయి బిగియుచున్నదన్నచో, అలజడి అప్పటికే కదలికలను దిద్దు లోతట్టు కేంద్రములగు బేసల్ గాంగ్లియాను చేరినదని యర్థము. పది రూపాయల ఖర్చు లేకుండ, సెల్‌ఫోనులో తీసిన అరనిమిషపు వీడియోతో ఇంత తెలియుచుండగా, ఆ వీడియో తీయుటకు సిగ్గుపడు కుటుంబములు మనలో ఇంకను కలవు.

ఇంతకు ఈ అలజడి పుట్టుచోటు ఎట్టిది? కణతభాగపు లోతట్టున, వ్రేలెడంత పొడవున, సముద్రపు గుఱ్ఱపుచేప ఆకారమున హిప్పోక్యాంపస్ ఉండును. క్రొత్త విషయములు జ్ఞాపకములుగా కుదురుకొనుటకు ఇది ఆధారము. దీర్ఘకాలము మూర్ఛతో బాధపడి మరణించినవారి మెదళ్లలో ఇది గట్టిపడి ముడుచుకొనిపోయి యుండుటను ఫ్రాన్సులో బూషే, కజోవియే అనువారు 1825లోనే చూచిరి. 1880లో జర్మనీ దేశపు విల్‌హెల్మ్ సొమ్మర్ ఆ గట్టిపాటును సూక్ష్మదర్శినితో పరీక్షించి, నాడీకణములు అన్నిచోట్ల సమానముగా చావవనియు, హిప్పోక్యాంపసులోని ఒక నిర్దిష్టభాగమున మిక్కిలిగా నశించుననియు తెలిపెను. ఆ భాగమునకు నేటికిని ఆతని పేరు చెల్లుచున్నది.

హిప్పోక్యాంపసునకు ముంగిట డెంటేట్ అను మడత కలదు. వల్కలమునుండి వచ్చు సంకేతములలో హెచ్చుభాగము తొలుత దీనిని దాటవలెను. గోదావరి కాలువమీది లాకు నీటిని ఆపి, కొలిచి, క్రిందికి విడుచునట్లే ఈ మడతలోని కణములు వచ్చిన సంకేతములలో బహుభాగమును నిలిపివేసి కొద్దిగా మాత్రమే లోనికి పోనిచ్చును. వ్యాధి ముదిరినవారిలో ఈ కాపుదల సడలిపోవును. సంకేతములను అణచు కణములు కొన్ని చనిపోవును. తమ పొరుగుకణములు నశించుటచేత దిక్కుతోచని తంతులు, వెనుకకు మరలి, తాము బయలుదేరిన కణములకే కొమ్మలు వేసికొనును. అప్పుడు ఒక కణము ప్రేరేపించిన కణము తిరిగి మొదటిదానినే ప్రేరేపింపగలదు. ఈ క్రొత్త కొమ్మలే మూర్ఛకు మూలకారణమా, లేక నష్టము జరిగినచోట జరుగు మరమ్మతు ప్రయత్నము మాత్రమేనా అను వివాదము శాస్త్రజ్ఞులలో ఏండ్లుగా నడచుచున్నది. కాపుదల సడలుననుటలో మాత్రము వివాదము లేదు.

ఈ మార్పులు ఒకనాటితో వచ్చునవి కావు. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున పెంచిన ఆలుచిప్పల జాతి జీవులను తిని నూరుమందికి పైగా జబ్బుపడిరి. సముద్రపు నాచులో పుట్టిన డొమోయిక్ ఆమ్లమను విషము వానిలో చేరియుండెను. ఈ విషము నాడీకణములను మితిమీరి ప్రేరేపించి చంపును. హిప్పోక్యాంపస్ కణములు దీనికి ముందుగా లొంగును. బాధితులలో వృద్ధుడొకడు ఆ మొదటి వారములలో తీవ్రమైన మూర్ఛలకు లోనై కోలుకొనెను, మూర్ఛలు ఆగిపోయెను. సుమారు ఒక సంవత్సరము గడచిన పిమ్మట ఆతనికి కణతభాగపు మూర్ఛలు ఆరంభమయ్యెను. కొన్ని సంవత్సరములకు ఆతడు న్యుమోనియాతో మరణింపగా, రెండువైపుల హిప్పోక్యాంపసులును గట్టిపడి ముడుచుకొనియుండుట కనబడెను. ఏ రోగమును లేనట్లు కనబడిన ఆ సంవత్సరమంతయు మెదడు లోలోపల తన తీగెలను మార్చి అల్లుకొనుచునే యుండెనని ఊహింపక తప్పదు. చిన్ననాడు జ్వరముతో దీర్ఘకాలము ఫిట్స్ వచ్చిన పిల్లలలో కొందరికి యౌవనమున ఈ వ్యాధి బయటపడుటయు ఇట్టిదే.

అలజడి ఒకచోట మాటిమాటికి కలిగినచో దూరపు కేంద్రములు కూడ దానికి అలవాటుపడునని గ్రాహమ్ గాడార్డ్ అను శాస్త్రజ్ఞుడు 1960లలో ఎలుకలపై చేసిన ప్రయోగములు తెలిపెను. అమిగ్డలాలో ప్రతిదినము, మొదట ఏ ఫలితమును చూపని స్వల్పవిద్యుత్తును ప్రసరింపజేయగా, కొన్ని దినములకు అదే స్వల్పవిద్యుత్తు పూర్తి మూర్ఛను కలిగించెను. వారములతరబడి విరామమిచ్చినను ఆ అలవాటు పోలేదు. మనుష్యులలో ఇదే జరుగునని రుజువు కాలేదు గనుక, ఈ ఎలుకల కథను చూపి రోగులను భయపెట్టుట న్యాయము కాదు.

బయటి ప్రేరణ కూడ ఈ మార్గములవెంటనే లోనికి పోయి మూర్ఛను లేపవచ్చుననుటకు మన దక్షిణాపథముననే విశేషమైన యుదాహరణ యొకటి కలదు. వేడినీటి మూర్ఛయని దానికి పేరు. ప్రపంచమున దీనిని మొట్టమొదట 1945లో న్యూజీలాండునుండి తెలియజేసిరి. అయినను అధికముగా కనబడునది కన్నడసీమలోను దాని పరిసరములందును. బెంగుళూరు వైద్యుడు కె. ఎస్. మణి 1960ల చివర దీనిని వైద్యలోకము దృష్టికి తెచ్చెను. 1988లో అచ్చటి నిమ్హాన్స్ సంస్థ వైద్యులు 279 మంది రోగుల వివరములను ప్రకటించిరి. కాగులో కాచిన నీటిని చెంబుతో ముంచి గబగబ నెత్తిన గుమ్మరించుకొనుట మన తలంటుపద్ధతి. ఆ నీరు 40 నుండి 50 డిగ్రీల వేడిమితో నుండును. ఒంటిమీద పోసినంతకాలము ఏమియు కాదు; తలమీద నాలుగు చెంబులు పడగానే చూపు నిలిచిపోవును, మాట ముద్దగట్టును, తెలివి తప్పును. కొందరికి అది హాయిగా తోచి, వలదని తెలిసియు ఆపుకొనలేక, తెలివి తప్పువరకు పోసికొనుచునే యుందురు. వేడి, స్పర్శ, నీరు పడు వేగము – ఈ మూడును కలసి కణతభాగపు లోతట్టు కేంద్రములను లేపునని పరిశోధకుల అభిప్రాయము. నీరు గోరువెచ్చగా చేసికొన్నచో చాలమందికి మూర్ఛ రాదు. అవసరమైనవారికి స్నానమునకు ముందుగా క్లోబజామ్ మాత్ర నిత్తురు. ఇంత సులభమైన నివారణ గల మూర్ఛ మరియొకటి లేదనవచ్చును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఒక కణతలో పుట్టిన అలజడి ఎరుకను ఎట్లు మాపును? ఎరుకకు కణతభాగము నిలయము కాదు. ఒక కణతభాగపు ముందుకొనను పూర్తిగా తొలగించినను మనిషి మేలుకొనియే యుండును. అలజడి మెదడంతయు వ్యాపించుటవలన ఎరుక పోవుననుకొందమా? సంపూర్ణమూర్ఛలో అట్లే జరుగును. కాని ఇచ్చట లలాటభాగమునకును నడినెత్తి క్రింది భాగమునకును మూర్ఛ చేరనే లేదు. మరి అచ్చట ఏమి కనబడుచున్నది? యేల్ విశ్వవిద్యాలయమున హాల్ బ్లూమెన్‌ఫెల్డ్ అను నాడీవైద్యుడును ఆతని సహచరులును శస్త్రచికిత్సకై తంతులు అమర్చిన రోగులలో పరీక్షింపగా, తెలివి తప్పిన మూర్ఛలలో లలాటమునను నడినెత్తియందును సెకనుకు ఒకటి రెండు చొప్పున మెల్లని పెద్ద అలలు వ్రాయబడెను. ఇవి మూర్ఛ యలలు కావు. గాఢనిద్రలోను, మత్తుమందు ఇచ్చినప్పుడును, కోమాలోను కనబడునట్టివి. తెలివి తప్పని మూర్ఛలలో ఈ అలలు అంతగా లేవు. మూర్ఛ సాగుచుండగా మెదడులోని రక్తప్రసారమును చిత్రింపగా, కణతలోను, మెదడు నడిమిభాగమున నుండు థాలమసులోను, మెదడుకాండపు పైభాగమునను రక్తము హెచ్చినది. లలాటమునను నడినెత్తియందును తగ్గినది.

అనగా కణతలోని అలజడి పైకి ప్రాకుటకు బదులు క్రిందికి దిగుచున్నది. మనలను మేలుకొలిపి యుంచు కేంద్రములు మెదడుకాండమునను, థాలమస్ నడిమిభాగమునను, మెదడు ముందరి యడుగుభాగమునను కలవు. ఇవి ఎసిటైల్‌కోలిన్ మొదలైన రసాయనములను వల్కలమునకు నిరంతరము అందించుచుండును. మూర్ఛ క్రిందికి దిగి, అణచివేయు స్వభావముగల కేంద్రములను పురికొల్పగా, అవి ఈ మేలుకొలుపు కేంద్రములను అణచును. దానితో ఏ దోషమును లేని లలాటభాగము నిద్రలోనికి జారిపోవును. ఎలుకలలో దీనిని పరీక్షించిరి. హిప్పోక్యాంపసునుండి క్రిందికి పోవు ప్రధానమార్గమగు ఫోర్నిక్సును తెగగొట్టగా, హిప్పోక్యాంపసులో మూర్ఛ యథాప్రకారముగా సాగినను, వల్కలమున మెల్లని అలలు రాలేదు, జంతువు స్తంభించిపోలేదు. మూర్ఛ లేకుండగనే అణచివేత కేంద్రమును మాత్రము విద్యుత్తుతో ప్రేరేపింపగా ఎలుక స్తంభించినది. వ్యాధి ఒకచోట, దాని ఫలము వేరొకచోట, ఆ రెంటి నడుమ ఒక దారి – ఇంత స్పష్టముగా రుజువైన విషయము మెదడుశాస్త్రమున తరచుగా దొరకదు.

ఆ దృష్టితో జెడ్ గారి వృత్తాంతమును చూచినచో, ఆతనికి నిజముగా తెలివి తప్పెనా యను సందేహము కలుగును. లలాటభాగము నిద్రించుచుండగా ఊపిరితిత్తి చప్పుడు విని న్యుమోనియాయని నిర్ణయించుట దుష్కరము. మూర్ఛ ఆతని జ్ఞాపకకేంద్రములవరకే నిలిచి, ఆ గడియలో జరిగినదంతయు తెలిసియే జరిగి, ఏదియు నిలువ చేయబడక పోయియుండవచ్చును. బయటనుండి చూచువానికిని, తరువాత తలచుకొను రోగికిని ఈ రెండు స్థితులును ఒక్కటిగనే కనబడును. అందుచేతనే నేటి పరీక్షకులు మూర్ఛ నడచుచుండగానే రోగికి ఒక పేరు చెప్పుదురు, చేయి ఎత్తుమందురు. పిదప ఆ పేరు అడుగుదురు. చేయి ఎత్తి, పేరు మరచినవానికి ఎరుక నిలిచినది, జ్ఞాపకము తప్పినది.

జ్ఞాపకమునుగూర్చి ప్రస్తావించునప్పుడు హెన్రీ మొలైసన్‌ను విడుచుటకు వీలులేదు. మూర్ఛలు మందులకు లొంగనందున 1953లో హార్ట్‌ఫర్డ్ నగరమున విలియమ్ స్కోవిల్ అను శస్త్రవైద్యుడు ఇతని రెండుకణతల లోతట్టు భాగములను తొలగించెను. మూర్ఛలు తగ్గెను, కాని నాటినుండి 2008లో మరణించువరకు ఇతనికి క్రొత్త విషయమేదియు జ్ఞాపకమున నిలువలేదు. మనస్తత్వశాస్త్రజ్ఞురాలు బ్రెండా మిల్నర్ పరీక్షింపగా, అద్దములో చూచుచు బొమ్మ గీయు నేర్పు మాత్రము దినదినమునకు మెరుగుపడెను. తాను దానిని అంతకుముందు అభ్యసించిన సంగతియే ఆతనికి తెలియదు. మొదట వేసిన రెండవ ప్రశ్నకు సమాధానము కొంత ఇచ్చటనే యున్నది: నేర్పు వేరొక మార్గమున నిలువ ఉండునని లోకమునకు తెలిసినది ఈ దురదృష్టవంతునివలననే. నాటినుండి శస్త్రవైద్యులు రెండువైపుల చేయి పెట్టుట మానిరి. దీనికి భిన్నముగా, మాంట్రియలులో శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ మేలుకొనియున్న రోగుల కణతభాగమును విద్యుత్తుతో తాకగా పాతపాటలు వినబడెననియు, గతమంతయు మెదడులో ముద్రితమై యున్నదనియు కథలుగా చెప్పుకొందురు. ఆతడును పెరోయును 1963లో ప్రకటించిన లెక్కలో కణతభాగమును పరీక్షించిన 520 మందిలో 40 మందికే అట్టి అనుభవములు కలిగెను. మిగిలిన 480 మందిని ఎవరును తలపరు.

మూర్ఛ లేని వేళ మెదడు స్వస్థముగా నుండునా? ఉండదు. మెదడు విద్యుత్తును గీయు ఈఈజీ కాగితముపై అప్పుడప్పుడు సూదిమొనవంటి గీత యొకటి లేచి అణగును. అది సెకనులో పదవవంతైనను ఉండదు, రోగికి తెలియనే తెలియదు. దీనివలన హాని లేదని చాలకాలము తలచిరి. ఆరోగ్యవంతునిలో నిద్రాసమయమున హిప్పోక్యాంపస్ పగటి విషయములను చిన్నచిన్న తరంగములుగా వల్కలమునకు అందించును. వల్కలము స్పిండిల్ అను లయబద్ధమైన అలలతో వానిని గ్రహించును. పగటి విషయము స్థిరమైన జ్ఞాపకముగా మారుట ఈ సంభాషణవలననే. న్యూయార్కులో జెన్నిఫర్ జెలినాస్, ద్యోన్ ఖొదాఘోలీ, జార్జి బుజాకీ మొదలైనవారు 2016లో ప్రకటించిన ఎలుకల పరిశోధనలో, హిప్పోక్యాంపసులో లేచిన ఈ సూదిగీతలు కూడ లలాటవల్కలమున స్పిండిల్ అలలను పుట్టించుచున్నట్లు తేలెను. వల్కలము ఎప్పటివలెనే చెవియొగ్గినది, కాని వచ్చినది అర్థములేని కేక. ఈ తప్పు సంభాషణ ఎంత హెచ్చుగా నున్న ఎలుకకు జ్ఞాపకము అంత తక్కువగా నుండెను; కొందరు రోగులలోను సూదిగీతలకును స్పిండిల్ అలలకును ఇట్టి పొంతన కనబడెను. మూర్ఛలు నెలకొకసారి మాత్రమే వచ్చు విద్యార్థి "చదివినది నిలుచుట లేదు" అని మొరపెట్టుకొన్నచో, మందుల మత్తనియో సోమరితనమనియో కొట్టివేయువారు ఈ సంగతి తెలిసికొనవలయును.

దూరపు భాగములు రూపముననే మారుచుండుటను కూడ చూచిరి. చక్కెర వినియోగమును చిత్రించు పెట్ స్కానులో, వ్యాధిగల కణతయే కాక అదేవైపు థాలమసును, ఒక్కొక్కప్పుడు లలాటభాగమును మందగించి కనబడును. 24 పరిశోధనకేంద్రములు కలసి 2,149 మంది మూర్ఛరోగుల ఎమ్మారై చిత్రములను 1,727 మంది ఆరోగ్యవంతుల చిత్రములతో సరిపోల్చి 2018లో ప్రకటించిన అధ్యయనమున, హిప్పోక్యాంపస్ గట్టిపడిన రోగులలో థాలమస్ కూడ కుంచించుకొనిపోవుటయు, కణతకు దూరముననున్న కదలికల వల్కలము సైతము పలుచబడుటయు తేలెను. ఈ వ్యాధిగ్రస్తులలో విషాదరోగము సామాన్యజనులలోకంటె చాల హెచ్చు. అది కేవలము రోగభారమువలన కలిగిన దిగులు కాదు. 1937లో జేమ్స్ పేపెజ్ అను నాడీశాస్త్రజ్ఞుడు భావోద్వేగములకు ఆధారమని ఊహించిన వలయము – హిప్పోక్యాంపసునుండి ఫోర్నిక్సు మీదుగా థాలమస్ ముందరి కేంద్రమునకు, అచ్చటినుండి సింగ్యులేట్ మడతకు, మరల హిప్పోక్యాంపసునకు – ఈ మూర్ఛలు నిత్యము తిరుగు దారియే.

ఇంత చెప్పిన పిమ్మట చదువరికి న్యాయమైన ప్రశ్న యొకటి కలుగవలెను: వ్యాధి ఇన్ని దారులలో నల్లుకొనియుండగా, ఒకచోట కత్తి పెట్టిన ఏమి ప్రయోజనము? ప్రయోజనము కలదు, అదియే వింత. కెనడాలోని ఒంటేరియో లండనులో సామ్యుయెల్ వీబ్ మొదలైనవారు 80 మంది రోగులను చీట్లువేసినట్లు రెండు భాగములు చేసి, 40 మందికి శస్త్రచికిత్సను, 40 మందికి మందులను నిర్ణయించి 2001లో ఫలితము ప్రకటించిరి. ఏడాది తరువాత ఎరుకను హరించు మూర్ఛలు లేనివారు మొదటి పక్షమున నూటికి 58 మంది, రెండవ పక్షమున 8 మంది. తిరువనంతపురము శ్రీచిత్ర సంస్థలో 1990ల మధ్యనుండి ఈ శస్త్రచికిత్స విరివిగా జరుగుచున్నది, హైదరాబాదులోను చేయుచున్నారు. శస్త్రము ఫలించినవారిలో కొందరికి లలాటభాగపు మాంద్యము కూడ తొలగుటను పెట్ స్కానులు చూపినవి. వలయములనుగూర్చిన నేటి ఉత్సాహములో కొందరు పుట్టుచోటనునదే లేదన్నట్లు వ్రాయుచున్నారు. నాకది అతిశయోక్తిగా తోచుచున్నది. వలయమున ప్రతి మజిలీకిని సమానమైన బలముండదు. ప్రధానమైనదానిని తీసివేసిన మిగిలినవి తమంతట మూర్ఛను నిలుపుకొనలేవు. నిలుపుకొనగలిగినవారే శస్త్రము ఫలింపని ఆ మిగిలిన రోగులని నాయూహ. శస్త్రమునకు చేరవలసినవారు చేరకపోవుటయే మనదేశమున హెచ్చు నష్టము. రెండు మందులు తగిన మోతాదులో వాడియు ఫలము లేనివారిని మూర్ఛ చికిత్సాకేంద్రమునకు పంపవలెనని వైద్యనియమము. మనవారు పదునైదేండ్లు మాత్రలు మ్రింగి, పెండ్లి సంబంధములయెదుట రోగమును దాచి, ఆ తరువాత వత్తురు. దాచుటకు చట్టము కూడ కొంత కారణమయ్యెను: 1976 సవరణతో హిందూ వివాహచట్టము మూర్ఛను వివాహమునకు అనర్హతగా చేర్చెను, 1999లోగాని దానిని తొలగింపలేదు.

శస్త్రమునకు వీలుకానివారికై వలయమునే ఆశ్రయించిన చికిత్స వచ్చినది. పేపెజ్ చెప్పిన మార్గములోని థాలమస్ ముందరి కేంద్రమున సన్నని తంతులు దించి, రొమ్ముచర్మము క్రింద అమర్చిన యంత్రముతో విద్యుత్తును ప్రసరింపజేయుదురు. అమెరికాలో 110 మందిపై జరిగిన పరీక్షను 2010లో ప్రకటించిరి. రెండేండ్లకు మూర్ఛల సంఖ్య మధ్యస్థముగా నూటికి 56 వంతులు తగ్గెను. 2018లో అచ్చటి ప్రభుత్వము దీనిని అనుమతించెను. ఇది మూర్ఛను తగ్గించునేగాని పూర్తిగా మాన్పుట అరుదు.

బ్లూమెన్‌ఫెల్డు బృందము వేరొక దారి త్రొక్కుచున్నది. థాలమస్ నడిమినున్న మేలుకొలుపు కేంద్రములను, కణతలో మూర్ఛ సాగుచున్న సమయముననే, విద్యుత్తుతో ప్రేరేపించినచో ఏమగును? ఎలుకలలో వల్కలపు మెల్లని అలలు తగ్గి, స్తంభించిన జంతువు మరల కదలెను. మూర్ఛ మాత్రము తనదారిన తాను సాగెను. మనుష్యులలో దీని తొలి పరీక్షలు ఆరంభమైనవి. ఉద్దేశము మూర్ఛను ఆపుట కాదు. పొయ్యియెదుట నూనెమూకుడు చేతనుంచుకొన్న స్త్రీకి, రోడ్డు దాటుచున్న పిల్లవానికి, మూర్ఛ వచ్చినను తామెక్కడ నున్నారో తెలియుచుండునట్లు చేయుట. మూర్ఛరోగులకు కాలిన గాయములు, నీటిలో మునుగుట, వాహనముల క్రింద పడుట సంభవించునది ఎరుక తప్పిన ఆ ఒకటి రెండు నిమిషములలోనే గనుక, అంతమాత్రము సాధించినను చాలు.